కుంపటికి మూత: కమాడో గ్రిల్ అసలు కథ

ఈ ఎపిసోడ్ ఒక వీడియో కాల్ దగ్గర మొదలైంది.

మా బావ డాలస్‌లో ఉంటాడు. మొన్నొక ఆదివారం కాల్ చేసి, కెమెరా తిప్పి, పెరట్లో కొత్తగా కొన్న వస్తువు చూపించాడు. ముదురు ఆకుపచ్చ రంగు. పెద్ద కోడిగుడ్డు ఆకారం. స్టాండు మీద పెడితే మనిషి నడుము దాకా వస్తోంది. "సిరామిక్ కమాడో గ్రిల్ బావా. వెయ్యి డాలర్లు దాటింది. 3000 ఏళ్ల నాటి టెక్నాలజీ తెలుసా!" అన్నాడు.

పక్కనే కూర్చున్న అమ్మమ్మ నా చేతిలో ఫోన్ లాక్కుంది. కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసింది.

"కింద ఆ చిన్న తలుపేంట్రా?"

"గాలి లోపలికెళ్లడానికి మామ్మా."

"పైన ఆ బిళ్ల?"

"అది తిప్పితే పొగ బయటికి పోతుంది."

"లోపల బొగ్గులేనా?"

"బొగ్గులే."

"ఇది కుంపటే కదరా! మూతెట్టారు, అంతే."

అందరం నవ్వేశాం. తర్వాత అమ్మమ్మ ఇంకో ప్రశ్న వేసింది. "ఆదివారం పూట కూడా నిప్పు దగ్గర కూర్చోడమేంట్రా? మీ ఆవిడకి పని పెంచావా?" బావ గర్వంగా, "లేదు మామ్మా, నేనే వండుతున్నా. సరదాకి" అన్నాడు.

"సరదాకా?" అంది అమ్మమ్మ. ఇంకేం అనలేదు. ఫోన్ నా చేతికిచ్చేసి లోపలికెళ్లిపోయింది.

ఆ ఒక్క మాట నన్ను నాలుగు రోజులు వదల్లేదు. అందుకే ఈ వస్తువు చరిత్ర మొత్తం వెతికాను. వెతికితే అమ్మమ్మ రెండు మాటలూ కరెక్టే అని తేలింది. ఇది కుంపటే. ఆ "సరదాకా?" అనే ప్రశ్న కూడా ఈ చరిత్ర మధ్యలోనే ఉంది. రండి, మొదటి నుంచి చూద్దాం.

పేరు మీకు ముందే తెలుసు

కమాడో అనే మాట మీలో చాలామంది ఎప్పుడో వినే ఉంటారు. డీమన్ స్లేయర్ చూసినవాళ్లకి హీరో పేరు గుర్తుందా? కమాడో తాంజిరో. కమాడో వాళ్ల ఇంటిపేరు. వాళ్ల కుటుంబం పని ఏంటి? కొండ మీద బొగ్గులు కాల్చి, ఊళ్లోకి తెచ్చి అమ్మడం. జపనీస్ భాషలో కమాడో అంటే పొయ్యి. బొగ్గులు అమ్మే ఇంటికి పొయ్యి అనే మాట వినిపించే ఇంటిపేరు పెట్టారన్నమాట.

కాబట్టి "కమాడో గ్రిల్" అంటే అక్షరాలా "పొయ్యి గ్రిల్". మనం "చాయ్ టీ" అన్నట్టే ఉంది కదా.

ఆ 3000 ఏళ్ల లెక్క

ముందు బావ చెప్పిన 3000 ఏళ్ల సంగతి తేల్చేద్దాం. ఈ గ్రిల్స్ ప్రకటనల్లో తరచుగా కనిపించే మాట ఇది. కొన్ని ప్రకటనల్లో ఇంకో అడుగు ముందుకేసి, "చైనాలో చిన్ వంశం కాలంలో పుట్టింది" అని కూడా రాస్తారు. చిన్ వంశం చైనా మొత్తాన్ని ఒక్కటి చేసింది క్రీ.పూ. 221లో. అక్కడి నుంచి ఇప్పటికి ఎంత? సుమారు 2250 ఏళ్లు. మరి 3000 ఎక్కడి నుంచి వచ్చింది? ఒకే వాక్యంలో ఉన్న రెండు అంకెలే ఒకదానితో ఒకటి కలవట్లేదు.

ఇంకో సంగతి. మట్టితో పొయ్యి కట్టుకోవడం ఏ ఒక్క దేశం సొత్తూ కాదు. రాజస్థాన్‌లోని కాళీబంగన్‌లో, అంటే సింధు నాగరికత ఊళ్లలో ఒకదాంట్లో, తందూర్‌ని పోలిన మట్టి పొయ్యిలు బయటపడ్డాయి. వాటి వయసు 4000 ఏళ్ల పైమాటే. అలాగని "గ్రిల్ కనిపెట్టింది మనమే" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేయకండి. ఒకటి ఇంకోదానిలా ఉన్నంత మాత్రాన, దాని నుంచే పుట్టిందని కాదు. ఎక్కడైనా మనుషుల దగ్గర మట్టి ఉంది, నిప్పు ఉంది, ఆకలి ఉంది. ఈ మూడూ ఉన్నచోట ఇలాంటి పొయ్యి పుడుతుంది.

బావ పెరట్లోని ఈ గుడ్డుకి మాత్రం స్పష్టమైన దారి ఒకటుంది. అది జపాన్ వంటింట్లోంచి వచ్చింది.

పొగ చూసి పన్ను మాఫీ చేసిన రాజు

జపాన్‌లో పాతకాలం ఇళ్లల్లో నేల మధ్యలో గుంట తవ్వి నిప్పు పెట్టుకునేవాళ్లు. గోడకి ఆనించి మట్టితో కట్టిన పొయ్యి, అంటే కమాడో, సుమారు 5వ శతాబ్దంలో కొరియా ద్వీపకల్పం వైపు నుంచి అక్కడికి చేరింది. నిప్పు చుట్టూ గోడ వచ్చింది. వేడి వృథా కావడం తగ్గింది. పొగకి ఒక దారి ఏర్పడింది.

ఆ తర్వాత కమాడో వాళ్లకి వట్టి వంట సామానుగా మిగల్లేదు. దానికో దేవుడున్నాడు. దానిమీద కథలున్నాయి. అన్నిటికంటే పేరున్న కథ నింతోకు చక్రవర్తిది. 720లో పూర్తయిన నిహోన్ షోకి అనే పాత చరిత్ర గ్రంథంలో ఇది ఉంది. రాజుగారు ఎత్తైన చోటు నుంచి ఊరంతా చూశారట. ఎక్కడా వంట పొగ లేదు. పొయ్యి వెలగట్లేదంటే జనానికి తిండి లేదని అర్థం చేసుకుని, మూడేళ్లు పన్నులు మాఫీ చేశారట. రాజభవనం పైకప్పు కారుతున్నా బాగు చేయించుకోలేదట. మూడేళ్ల తర్వాత చూస్తే, ఊరంతా పొగలు లేస్తున్నాయి. ఇది జరిగిందా, కల్పించారా అన్నది పక్కన పెట్టండి. ఆ కథ చెప్పుకున్న జనం దేశం బాగోగులని పొయ్యిని బట్టి లెక్కగట్టారు. అది ముఖ్యం.

మన దగ్గర లేదా ఇది? "ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటాం కదా. పొయ్యి వెలిగించకపోతే పిల్లి చల్లటి బూడిదలో హాయిగా పడుకుంటుంది. నిప్పు పెడితేనే లేస్తుంది. రాజుగారు పైనుంచి పొగ చూశారు, మన పెద్దాళ్లు లోపలికెళ్లి పిల్లిని చూశారు. విషయం ఒక్కటే.

ఇంకోటి చెప్తాను, ఇది నాకు భలే నచ్చింది. జపనీస్‌లో అన్నదమ్ములు విడిపోయి వేరే ఇల్లు పెట్టుకుంటే "కమాడోని పంచుకోవడం" అంటారు. మనం ఏమంటాం? "వేరు కుంపటి పెట్టుకున్నారు." ఎమ్మెల్యే పార్టీ మారినా న్యూస్ చానల్‌లో వేసేది ఇదే మాట. ఇక్కడి వాళ్లకీ అక్కడి వాళ్లకీ ఇల్లంటే గోడలు కాదు, నిప్పే.

అత్తెసరు పెట్టే పొయ్యి

ఇప్పుడు అసలు వస్తువు దగ్గరికొద్దాం. కమాడోల్లో ముషికమాడో అని ఒక రకం ఉంది. ముషి అంటే ఆవిరి. 20వ శతాబ్దం మొదటి సగంలో జపాన్ ఇళ్లల్లో వాడేవాళ్లు. గోడకి కట్టేసినది కాదు, కావలసిన చోటికి జరుపుకోవచ్చు. గుండ్రటి మట్టి కుండ, దానిమీద గుమ్మటం లాంటి మట్టి మూత. కింద గాలికి చిన్న తలుపు, పైన పొగకి ఇంకో కంత. లోపల బొగ్గులు, వాటి పైన అన్నం గిన్నె.

ఎందుకిదంతా? వాళ్లు అన్నం వండే పద్ధతి వల్ల. మనలో చాలామంది ఇళ్లల్లో ఒకప్పుడు నీళ్లు ఎక్కువ పోసి, ఉడికాక గంజి వార్చేవాళ్లు. జపాన్‌లో వార్చరు. కొలిచి పోసిన నీళ్లు మొత్తం బియ్యమే పీల్చుకోవాలి. మన భాషలో అత్తెసరు. అత్తెసరుతో వచ్చే కష్టం వండినవాళ్లకి తెలుసు. మొదట్లో మంట గట్టిగా ఉండాలి. నీళ్లు ఇగిరే టైముకి మంట తగ్గాలి. ఆ తర్వాత మూత తీయకుండా ఆవిరి మీద మగ్గాలి. ఒక్క నిమిషం ఏమరుపాటుగా ఉంటే అడుగంటుతుంది.

ముషికమాడో ఈ సమస్యకి కనిపెట్టిన ఉపాయం. బొగ్గులు రాజేసి గిన్నె పెట్టి, మూత వేస్తారు. గిన్నె బాగా పొంగు వచ్చాక కింద తలుపు, పైన కంత రెండూ మూసేస్తారు. గాలి అందక నిప్పు మెల్లగా చస్తుంది. కానీ మందపాటి మట్టి గోడలు అప్పటికే వేడి తాగి ఉన్నాయి కదా, ఆ వేడి మీద అన్నం మగ్గుతుంది. మిగిలిన బొగ్గు పూర్తిగా కాలిపోదు, రేపటికి పనికొస్తుంది.

నేను ఐదేళ్లు కోడ్ రాసినవాణ్ణి కాబట్టి నాకిలా కనిపిస్తుంది: ఇందులో రెండే ఇన్‌పుట్లు, కింద గాలి, పైన గాలి. ఆ రెండిటితో మంటని, టైముని, వేడిని మొత్తం కంట్రోల్ చేస్తున్నారు. కరెంటు లేదు, సెన్సర్ లేదు. ఉన్న ఒకే ఒక్క సెన్సర్ ఆ వంట చేస్తున్న ఆవిడ చెవి. గిన్నె పొంగే శబ్దం విని తలుపు మూయాలి.

బిర్యానీ దమ్ కూడా ఇలాంటిదేగా అని మీకు అనిపించొచ్చు. దగ్గరి చుట్టమే, కానీ చిన్న తేడా ఉంది. దమ్ అంటే ఊపిరి. హైదరాబాదీ బిర్యానీలో గిన్నె మూత చుట్టూ పిండి పెట్టి గిన్నె ఊపిరి బిగబడతాం. ముషికమాడోలో బిగబట్టేది నిప్పు ఊపిరిని. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, గ్రిల్ వాడకం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

సైనికుల చేతికి

1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. 1952 దాకా జపాన్ మిత్రరాజ్యాల సైన్యం ఆధీనంలో ఉంది. లక్షల్లో అమెరికన్ సైనికులు అక్కడ పనిచేశారు. వాళ్లలో కొందరు ఈ మట్టి పొయ్యిని చూశారు. వాళ్లకి అన్నంతో పనిలేదు. "ఇందులో మాంసం పెడితే?" అనుకున్నారు. పెట్టారు. పైన కరకరలాడుతూ, లోపల రసం ఆరిపోకుండా వచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు కొందరు ఇంటికి పట్టుకెళ్లారు. 1960ల నాటికి అమెరికాలో వీటిని దిగుమతి చేసి అమ్మే చిన్న వ్యాపారాలు కూడా మొదలయ్యాయి.

మాంసం ఎందుకు ఎండిపోలేదు? పల్చటి రేకు గ్రిల్‌లో వేడి గోడల్లోంచి బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు తీర్చాలంటే మంట ఎక్కువ కావాలి. మంట ఎక్కువ కావాలంటే గాలి ఎక్కువ పోవాలి. అలా వేడి గాలి మాంసం పక్కనుంచి పోతూ పోతూ తడి మొత్తం లాక్కుపోతుంది. మందపాటి మట్టి గోడ వేడిని బయటికి వదలదు. కాబట్టి చిన్న నిప్పు చాలు, కొంచెం గాలి చాలు. తడి లోపలే ఉంటుంది. అన్నం కోసం చేసిన డిజైన్ మాంసానికి కూడా అచ్చంగా సరిపోయింది.

అప్పటి అమెరికా ఎలా ఉందో కూడా చూడాలి. యుద్ధం అయ్యాక ఊళ్ల శివార్లలో పెరడు ఉన్న ఇళ్లు వరసగా కట్టారు. వంటింట్లో గ్యాస్, కరెంటు స్టవ్‌లు వచ్చేశాయి. 1952లో షికాగో దగ్గర రేకుల పని చేసే వెబర్ బ్రదర్స్ అనే కంపెనీలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, సముద్రంలో తేలే బోయాల కోసం చేసే లోహపు గోళాన్ని రెండు ముక్కలు చేసి మూతగల గ్రిల్ తయారు చేశాడు. అదే వెబర్ కెటిల్. రోజువారీ వంట లోపల, ఆడవాళ్లది. ఆదివారం నిప్పు బయట, మగవాళ్లది. బీరు, చుట్టూ నేస్తాలు, మెచ్చుకోళ్లు. ఆ పెరట్లోకే జపాన్ పొయ్యి వచ్చి చేరింది.

అదే టైములో జపాన్‌లో ఏం జరిగింది?

ట్విస్ట్ ఇక్కడుంది.

అమెరికన్లు ఈ పొయ్యిని ముచ్చటపడి మోసుకెళ్తున్న ఆ రోజుల్లోనే, జపాన్ ఆడవాళ్లు దీన్నుంచి ఎలా బయటపడాలా అని చూస్తున్నారు. తోషిబా కంపెనీలో షోగో యమడా అనే ఉద్యోగి వాషింగ్ మెషీన్ల ప్రచారానికి ఊళ్లు తిరుగుతూ, ఇంట్లో అన్నిటికంటే కష్టమైన పని ఏంటని గృహిణులని అడిగేవాడు. బట్టలు ఉతకడం అంటారని అనుకున్నాడు. వాళ్లు చెప్పింది వేరు: పూట పూటకీ అన్నం వండటం. తెల్లారకముందే లేవాలి, నిప్పు రాజెయ్యాలి, అది అయ్యేదాకా పక్కనే ఉండాలి.

కరెంటుతో అన్నం వండే పాత్ర చేసిపెట్టమని ఆయన యోషితదా మినామి అనే చిన్న ఫ్యాక్టరీ యజమానిని అడిగాడు. మినామి ఇంజనీరే గానీ అన్నం వండటం తెలీదు. తెలిసింది ఆయన భార్య ఫుమికోకి. నెలల తరబడి వండి, వండి, ఎన్ని నిమిషాలకి పొంగింది, ఎంత వేడి దగ్గర మాడింది అని రాసిపెట్టింది ఆవిడే. మన భాషలో చెప్పాలంటే డేటా మొత్తం ఆవిడది. ఆ లెక్కల్లో తేలింది ఏంటంటే, పొంగు వచ్చాక దాదాపు 20 నిమిషాలు అదే వేడి ఉంచి ఆపేస్తే అన్నం చక్కగా అవుతుంది.

మరి 20 నిమిషాలు అయ్యాయని పాత్రకి ఎలా తెలియాలి? అప్పట్లో చిప్‌లు లేవు. గిన్నె బయట ఇంకో గిన్నె పెట్టి, రెండిటి మధ్య కొలిచి నీళ్లు పోశారు. ఆ నీళ్లు ఆవిరై అయిపోవడానికి 20 నిమిషాలు పడుతుంది. నీళ్లు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. అయిపోగానే దాటుతుంది. దాటగానే రెండు లోహాల పట్టీ వంగి స్విచ్ ఆపేస్తుంది. ముషికమాడో దగ్గర ఆవిడ చెవితో విని తలుపు మూసే పని, ఇప్పుడు ఆ చిన్న పట్టీ చేస్తోంది. నీళ్లనే టైమర్‌గా వాడుకున్న ఆ ఐడియాకి చేతులెత్తి దండం పెట్టాలి.

1955 డిసెంబరులో తోషిబా రైస్ కుక్కర్ మార్కెట్లోకి వచ్చింది. కొన్నేళ్లలోనే జపాన్‌లో సగం ఇళ్ల దాకా చేరింది. బొగ్గు పొయ్యిలు మూలన పడ్డాయి. ఏ ఆడమనిషీ వాటికోసం కన్నీళ్లు పెట్టుకుని ఉండదు. పెట్టుకోవలసిన కన్నీళ్లన్నీ ఆ పొగలోనే అయిపోయి ఉంటాయి.

ఒకే వస్తువు. ఒక దేశంలో ఇంట్లోంచి బయటికెళ్తోంది, ఇంకో దేశంలో పెరట్లోకి వస్తోంది. పొయ్యి మారలేదు. దాని ముందు కూర్చున్న మనిషి మారాడు.

అట్లాంటాలో ఆకుపచ్చ గుడ్డు

1974. అమెరికాలో అట్లాంటా నగరం. నేవీలో పనిచేసి, జపాన్‌లో ఈ పొయ్యి రుచి చూసిన ఎడ్ ఫిషర్ ఒక చిన్న షాపు తెరిచాడు. ప్రధానంగా అమ్మింది పచింకో మెషీన్లు, అంటే జపాన్‌లో చిన్న ఇనుప గోళీలతో ఆడే ఆట యంత్రాలు. వాటి పక్కన దిగుమతి చేసిన మట్టి కమాడోలు. జనాన్ని లోపలికి రప్పించడానికి కమాడోలో కోడి రెక్కలు కాల్చేవాడట. మన బజార్లో మిరపకాయ బజ్జీల బండి చేసే పని అదే. వాసనే బోర్డు.

కానీ ఆ మట్టి కమాడోలకి ఒక పెద్ద లోపం ఉంది. అన్నం వండే వేడికి చేసినవి, అమెరికన్లు మాంసం కోసం అంతకంటే ఎక్కువ మంట పెట్టేవాళ్లు. ఎండా వానా కూడా తగిలేది. దాంతో పగుళ్లు. మట్టి వేడెక్కితే వ్యాకోచిస్తుంది, చల్లబడితే సంకోచిస్తుంది. ఒక పక్క వేడిగా, ఇంకో పక్క చల్లగా ఉంటే మధ్యలో చీలిక వస్తుంది. వేడి మట్టి మూకుడు మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో అదే.

ఫిషర్ మెరుగైన సిరామిక్ వైపు వెళ్లాడు. తయారీ తర్వాత మెక్సికోకి చేరింది. ఆకుపచ్చ రంగు, గుడ్డు ఆకారం కలిసి బిగ్ గ్రీన్ ఎగ్ అనే పేరైంది. చాలా ఏళ్ల తర్వాత, 2009లో, అదే జార్జియా రాష్ట్రంలో కమాడో జో అనే ఎర్ర గ్రిల్ కంపెనీ పుట్టింది. పోటీ పెరిగింది. ఈరోజు యూట్యూబ్‌లో కమాడో అని కొడితే వచ్చే వీడియోలన్నీ ఆ పోటీలోంచి వచ్చిన పంటే.

ఇప్పుడు వాడేది ఎలా?

అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్లు చాలామంది చూస్తారని తెలుసు కాబట్టి వాడకం కూడా చెప్పేస్తాను. పైన చెప్పిన చరిత్ర అర్థమైతే రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు.

మొదటిది, బొగ్గు. కట్టెని కాల్చి చేసిన ముక్కల బొగ్గే వాడాలి. అచ్చులో పోసి చేసిన బొగ్గు బిళ్లలు బూడిద ఎక్కువ వదులుతాయి, ఆ బూడిద కింద కంతలని మూసేస్తుంది. గాలే ఇక్కడ స్టీరింగ్, కంత మూసుకుంటే స్టీరింగ్ పోయినట్టే. గనిలో దొరికే నేలబొగ్గు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మన దగ్గర దొరికే సర్కారు తుమ్మ బొగ్గు కట్టె బొగ్గే.

రెండోది, వెలిగించడం. కిరసనాయిలు, లైటర్ ద్రవం పోయొద్దు. సిరామిక్‌లో సన్నటి రంధ్రాలుంటాయి, వాసన పీల్చుకుని తర్వాత వంటలన్నిటికీ పంచుతుంది. మైనం పూసిన చిన్న రాజేసే ముక్కలో, ఎలక్ట్రిక్ స్టార్టరో చాలు. కొత్త గ్రిల్ అయితే మొదటి రోజే భగభగ మండించకండి. చిన్న నిప్పుతో అలవాటు చేయండి.

మూడోది, వేడి పెంచడం. సిరామిక్ ఒకసారి వేడి తాగితే ఒక పట్టాన చల్లారదు. అందుకే పెరుగుతున్నప్పుడే పట్టుకోవాలి. 120 డిగ్రీల సెల్సియస్ కావాలంటే, 100 దగ్గరే గాలి తగ్గించడం మొదలుపెట్టాలి. 200 దాకా పోనిచ్చి వెనక్కి తెద్దామంటే సాయంత్రం అయిపోతుంది. పెద్ద మాంసం ముక్కని గంటల తరబడి మెల్లగా ఉడికించాలంటే 110 నుంచి 120. కోడిని మొత్తంగా కాల్చాలంటే 180 ప్రాంతం. పిజ్జాకైతే 300 పైన.

నాలుగోది, సామాను. అన్నిటికంటే ముందు కొనాల్సింది వేడిని మళ్లించే సిరామిక్ పలక. అది బొగ్గుకీ మాంసానికీ మధ్య ఉంటే గ్రిల్ కాస్తా ఓవెన్ అవుతుంది. తీసేస్తే మళ్లీ కాల్చే గ్రిల్. రెండోది, మాంసంలో గుచ్చే థర్మామీటర్. మూత మీద ఉండే మీటర్ లోపలి గాలి వేడే చెప్తుంది, కోడి ఉడికిందో లేదో చెప్పదు. కోడి లోపల బాగా మందంగా ఉన్నచోట 74 డిగ్రీలు చూపించాలి. మూడోది, బూడిద లాగే చిన్న పార. మూత అంచున ఉండే పట్టీ అరిగిపోతే మార్చుకోవాలి, లేకపోతే అక్కణ్ణుంచి దొంగగాలి దూరుతుంది. మిగతా పాతిక సామాన్లు మీ సరదా, మీ జేబు.

ఐదోది, ఇది చాలా సీరియస్. మంట బాగా వేడి మీదున్నప్పుడు మూతని ఒక్కసారిగా తెరవకండి. గాలికి మొహం వాచి ఉన్న నిప్పుకి ఒకేసారి గాలి తగిలితే మంట ఎగిసి మీ మొహానికే వస్తుంది. అంగుళం ఎత్తండి, ఆగండి, ఇంకోసారి ఎత్తండి, అప్పుడు తెరవండి. నిప్పు ఊపిరి బిగబట్టి ఉంది అన్నాను కదా, మెల్లగా వదలనివ్వాలి.

ఆరోది, ఇంకా సీరియస్. బొగ్గు నిప్పుని ఇంట్లోకి, గ్యారేజీలోకి, మూసిన బాల్కనీలోకి తేవద్దు. చలికాలం గది వెచ్చగా ఉంటుందని కూడా వద్దు. బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పొగ కనిపించట్లేదంటే ప్రమాదం లేదని కాదు.

చివరిది, ఆర్పడం. నీళ్లు పోయొద్దు, పగులుతుంది. కిందా పైనా రెండూ మూసేయండి. నిప్పు తనే చస్తుంది, మిగిలిన బొగ్గు వచ్చే ఆదివారానికి పనికొస్తుంది. జపాన్ వంటింట్లో ఆ ఆవిడ చేసిన పని ఇదే.

సరదాకా?

ఇప్పుడు అమ్మమ్మ మాట దగ్గరికి తిరిగొద్దాం.

బావ చేస్తున్నది తప్పేం కాదు. ఆదివారం పెరట్లో నిప్పు పెట్టుకుని, ఇంట్లోవాళ్లకి వండిపెడుతున్నాడు. మంచిదే. కానీ "3000 ఏళ్ల నాటి ప్రాచీన రహస్యం" అనే ప్రకటన చేసే పని ఒకటుంది, మీరు గమనించారా? చక్రవర్తుల కాలం నుంచి సరాసరి మన పెరట్లోకి దూకేస్తుంది. మధ్యలో రోజూ తెల్లారకముందే లేచి ఆ పొయ్యి రాజేసిన మనిషి ఫ్రేమ్‌లోనే ఉండదు. ఫుమికో మినామి రాసిన లెక్కలుండవు. అమ్మమ్మ కుంపటీ ఉండదు.

అమ్మమ్మని తర్వాత కూర్చోబెట్టి అడిగాను. పెళ్లైన కొత్తలో కట్టెల పొయ్యి, దానికి ఊదుగొట్టం. కాఫీకీ పాలకీ కుంపటి. కుంపటి కింద కంత దగ్గర విసనకర్రతో విసురుతూ కూర్చోవాలి. వానాకాలం బొగ్గులు చెమ్మగిల్లితే రాజుకునేవి కావు. "కళ్లమ్మట నీళ్లొచ్చేవి. ఏడుస్తున్నానేమో అనుకునేవారు. ఒక్కోసారి ఏడ్చేదాన్నే, పొగలో ఎవరికీ తెలిసేది కాదు" అంది. నాకు నోట మాట రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లొచ్చాయి నాకు, ఈ ప్రశ్న ఇంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

ఇది పాత కథ కూడా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇంటి లోపలి వంట పొగ వల్ల 32 లక్షల మంది చనిపోయారు. మన దగ్గర 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం కింద ఆడవాళ్ల చేతికి గ్యాస్ కనెక్షన్లు ఇచ్చారు. 2016లో దేశమంతా ఉజ్వల వచ్చింది. జపాన్ ఆడవాళ్లకి 1955 ఎలాంటిదో, మన ఊళ్లల్లో చాలామందికి ఆ సిలిండర్ వచ్చిన రోజు అలాంటిది. సిలిండర్ అయిపోతే మళ్లీ కట్టెలే దిక్కైన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అందుకే నాకు అర్థమైంది ఇది. నిప్పు దగ్గర కూర్చోవడం సరదా అవ్వాలంటే, కూర్చోకపోయినా పూట గడవాలి. బావకి లోపల గ్యాస్ స్టవ్ ఉంది, మైక్రోవేవ్ ఉంది, ఫోన్‌లో స్విగ్గీ లాంటి యాప్ ఉంది. వద్దనుకుంటే వద్దు. అమ్మమ్మకి ఆ "వద్దు" అనే బటన్ లేదు. కుంపటికీ కమాడో గ్రిల్‌కీ మధ్య ఉన్న తేడా మూత కాదు, ఆ బటనే.

పోయిన ఆదివారం బావకి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మామ్మకి ఫోనివ్వు" అన్నాడు. గ్రిల్‌లో మంట ఎగిసిపోతోంది, 120 దగ్గర నిలబడట్లేదు, ఏం చెయ్యమంటావని అడిగాడు. అమ్మమ్మ కెమెరాలోకి తొంగి చూసి, "కింద తలుపు మూసెయ్యకు, వేలెడు వదులు. పైన బిళ్ల తగ్గించు. తగ్గించాక అస్తమానం కెలక్కు, దాని మానాన దాన్ని వదిలెయ్" అంది. అరగంటలో నిలబడింది. ఆ యాభై ఏళ్ల అనుభవం ఏ మాన్యువల్‌లోనూ ఉండదు.

మీ ఇంట్లో కూడా ఇలా నిప్పు చదువు తెలిసిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉంటారు. ఈరోజు ఒక్క ప్రశ్న అడగండి: మీ మొదటి పొయ్యి ఏది, దాని దగ్గర ఎంతసేపు కూర్చునేవారు అని. వాళ్లు చెప్పింది కామెంట్లలో రాయండి, నేను ప్రతి ఒక్కటీ చదువుతాను.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.